ప్రరోచన: ఒక చలనచిత్ర ప్రచారకుని చరిత్రము

చరిత్ర యనగానే మనకు సామాన్యముగా రాజులును, యుద్ధములును, శిలాశాసనములును జ్ఞప్తికి వచ్చును. నేఁడు నేను చెప్పబోవు చరిత్రయందు అవి యేవియు లేవు. ఇందులో ఒక రాజుగారున్నారు గాని, ఆయనకు రాజ్యము లేదు. ఇతరుల పేర్లను ఊరూర చాటి చెప్పుటయే ఆయన వృత్తి. ఆయనయే చలనచిత్ర ప్రచారకుఁడగు బి.ఎ. రాజు గారు. సంస్కృతము చదువుకొని, ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు పాఠములు చెప్పిన ఈ వృద్ధుఁడు సినిమా ప్రచారకుని చరిత్ర చెప్పుటేమని మీకు వింతగా తోఁచవచ్చును. అట్లు చెప్పవలసి వచ్చిన కారణమును మొదట మనవి చేసెదను.

గత సంవత్సరము నేను హైదరాబాదునందు మాదాపూరులో మా కుమారుని యింట కొన్ని దినములుంటిని. ఒకనాటి సాయంకాలము వాహ్యాళికి బయలుదేరి, 1998వ సంవత్సరమున ప్రారంభమైన సైబర్ టవర్సు భవనమును దాటి, శిల్పారామము వైపు నడచుచుంటిని. అచ్చటి శిల్పకళావేదిక యెదుట యువకులు గుంపులు గుంపులుగా నిలిచియుండిరి. డప్పులు మ్రోగుచుండెను. ఆకాశమునకు దీపకాంతులు ఎగయుచుండెను. ఇది యే దేవుని ఉత్సవమని ఒక పిల్లవాని నడిగితిని. "తాతగారూ! ఉత్సవము కాదండీ, సినిమా. అది వచ్చే వారము వస్తుంది. ఇది దానికి ముందు వేడుక" అని యతఁడు చెప్పెను. ఇంకను ఎవ్వరును చూడని కథకు ఇంతటి జయజయధ్వానమా యని నేను విస్తుపోతిని. ఇంటికి వచ్చిన పిమ్మటను ఆ మాట నన్ను విడువలేదు. దానితోపాటు నా బాల్యమునాటి యొక సంగతి మనస్సునకు వచ్చెను.

మా యూరికి రెండు క్రోసుల దూరమున సంతజరుగు పెద్ద గ్రామమొకటి కలదు. నా చిన్నతనమున అచ్చట ఏటేటను టూరింగు టాకీసు డేరా వేసెడివారు. ఒంటెద్దు బండికి ఇరుప్రక్కల రంగుబొమ్మల అట్టలు కట్టి, లోపల ఒకఁడు మైకు పట్టుకొని కేకలు వేయుచు, ఎఱ్ఱవి పచ్చవి కాగితములు విసరుచు మా వీథికి వచ్చెడివాఁడు. మేము పిల్లలము ఆ కాగితముల కొఱకు దుమ్ములో పడి దొర్లెడివారము. ఒకనాఁడు అతఁడు "నేఁడే కడపటి ఆట" యని చాటెను. మా మేనత్త ఆ భక్తి చిత్రమును చూడవలయునని ఎన్నాళ్లనుండియో కోరుచుండెను. వాన కురియుచున్నను గోనెసంచి తలపై కప్పుకొని, నన్ను వెంటబెట్టుకొని, బురదలో రెండు క్రోసులు నడచి చూచి వచ్చెను. మఱునాఁడు మధ్యాహ్నము అదే బండి, అదే కేక: "నేఁడే కడపటి ఆట!"

మా తాతగారు వేదాధ్యయనపరులు. ఆయన ఉగ్రులై, అసత్యమును అమ్ముకొని బ్రదుకువానికంటె బిచ్చమెత్తువాఁడు మేలని పలికిరి. మేనత్త మాత్రము నవ్వి, "పోనీలే నాన్నా, వాడి అబద్ధం నన్ను గుమ్మం దాటించింది. నిజం చెప్పుంటే రేపు రేపు అంటూ వెళ్లకపోదునేమో" అనెను. ఆ ఎఱ్ఱని కాగితమును మడిచి తన రామాయణ గ్రంథములో గుర్తుగా పెట్టుకొనెను. ఈ యిద్దరి మాటలలో ఏది ధర్మమో నాకు అరువది యేండ్లు దాటువఱకు తేలలేదు.

ప్రచారము క్రొత్త పాపమని మనము తలంచుదుము గాని, అది మన ప్రాచీన నాట్యశాస్త్రమునకు తెలిసినదే. సంస్కృత నాటకములలో కథ మొదలు కాకముందు సూత్రధారుఁడు రంగమునకు వచ్చి, ఈ కవి నిపుణుఁడు, ఈ సభ గుణగ్రాహి, ఈ కథ మనోహరము, మేము నేర్పరులమని చెప్పి ప్రేక్షకులను ఉన్ముఖులను చేయును. దీనికి ప్రరోచన యని పేరు. శ్రీహర్షుని రత్నావళీ ప్రస్తావనను దీనికి ఉదాహరణముగా లాక్షణికులు చూపుదురు. అనగా ఆటకు ముందు ఆటను పొగడుట శాస్త్రసమ్మతమే. పండితులు సిగ్గుపడవలసిన పని కాదు.

ఇక ఆ పొగడ్త సత్యమా, అసత్యమా యను ప్రశ్న. దీనికి మీమాంసకులు మంచి త్రోవ చూపిరి. వేదమునందు కొన్ని వాక్యములు ఈ పని చేయుమని విధించును. మఱికొన్ని ఆ పనిని స్తుతించును. స్తుతించు వాక్యములకు అర్థవాదములని పేరు. వానిలోని అక్షరార్థమును పట్టుకొని పోట్లాడరాదు. మనుష్యుని మంచి పనికి పురికొల్పుటయే వాని ప్రయోజనము. అయితే ఒక కట్టుబాటు కలదు. అర్థవాదము తనంత తాను నిలువదు. దాని వెనుక విధి యుండవలెను. వెనుక ఏమియు లేని స్తుతి వట్టి శబ్దమే. ప్రచారకుని పనిని కూడ ఈ కొలతతోనే కొలువవలెనని నాకు తోఁచినది. ఆ కొలతను చేతబట్టుకొని మన తెలుగువారి చలనచిత్ర ప్రచార చరిత్రను కొంచెము చూతము.

మన సినిమాకు ఆద్యుఁడు రఘుపతి వెంకయ్యనాయుఁడు గారు. బందరువారు. మద్రాసులో ఫొటోగ్రాఫరుగా నుండి, 1910 ప్రాంతమున క్రోనో మెగాఫోను అను యంత్రమును తెప్పించి, విక్టోరియా పబ్లిక్ హాలులో బొమ్మలను చూపెను. పిదప ఆ యంత్రమును తీసికొని సింహళము, బర్మా దేశముల వఱకు తిరిగెను. చిత్రము చూపువాఁడును, దానిని గూర్చి చాటువాఁడును నాఁడు ఒక్కఁడే. 1932లో మన మొదటి టాకీయగు భక్త ప్రహ్లాద వచ్చెను. టాకీలు పెరిగిన కొలఁది పనులు విడిపోయెను. తీయువాఁడొకఁడు, పంచువాఁడొకఁడు, చాటువాఁడొకఁడు నైరి.

చాటుటలో దక్షిణ దేశమునకు గురువు జెమినీ స్టూడియో అధిపతి ఎస్.ఎస్. వాసన్ గారు. ఆయన యౌవనమున ప్రకటనల వ్యాపారముతోనే బ్రదుకు తెరువు ప్రారంభించిరి. 1942లో తెలుగున బాలనాగమ్మను తీసినది ఆయనయే. 1948లో చంద్రలేఖ చిత్రమునకు ఆయన చేసిన ప్రచార వ్యయమును చూచి తక్కిన నిర్మాతలు దిగ్భ్రాంతి చెందిరి. చిత్రమును తీయుటకెంత శ్రద్ధ వలయునో, తీసితిమని చెప్పుటకును అంత శ్రద్ధ వలయునని ఆయన మూలమున అందఱును తెలిసికొనిరి.

తెలుగు పోస్టరు విషయమున ఈశ్వర్ గారి పేరు చెప్పక తప్పదు. ఆయన పాలకొల్లువారు. మద్రాసు చేరి, 1967లో బాపు గారి సాక్షి చిత్రముతో ప్రచార చిత్రకారుఁడై, తరువాత కొన్ని దశాబ్దములలో వేలకొలది పోస్టర్లకు రూపకల్పన చేసెను. మన యూళ్లలో గోడల మీద, కిళ్లీకొట్ల తలుపుల మీద మీరు చూచిన బొమ్మలలో ఎన్నియో ఆయన చేతివి. క్రింద మూలలో చిన్న అక్షరములతో ఆయన పేరుండెడిది. 2015వ సంవత్సరమునకు గాను రఘుపతి వెంకయ్య పురస్కారము ఆయనకు లభించెను. మొదటి చాటింపువాని పేర నెలకొల్పిన పురస్కారము గోడబొమ్మలు గీసినవానికి దక్కుట సముచితము గదా!

ఇక రాజు గారి మాట. ఆయన విజయవాడలో జన్మించి, చిత్రపరిశ్రమ మద్రాసులో నున్న కాలముననే అచ్చట చేరెను. నటుఁడు కృష్ణ గారి చిత్రముల ప్రచార కార్యము చూచుట ఆయన తొలి మెట్టు. ఆ దినములలో ఆ పని యెట్టిదో మీకు చెప్పవలెను. ప్రతి చిత్రమునకును ఫొటోలు తీయించి, వెనుక విషయము వ్రాసి, పత్రికా కార్యాలయములకు చేర్పవలెను. రాత్రి రైలుకో, బస్సుకో అందకపోయినచో ఆ వారపు పత్రికలో చోటు దక్కదు. నటునికి కోపము వచ్చినచో పత్రికవానికి నచ్చజెప్పవలెను. పత్రికవానికి కోపము వచ్చినచో నటునికి నచ్చజెప్పవలెను. చిత్రము గెలిచినచో దర్శకుని ప్రతిభ యందురు. ఓడినచో ప్రచారము చాలలేదందురు. పెండ్లిలో పురోహితుఁడు, వంటవాఁడు, మేళగాఁడు అందఱును కనబడుదురు గాని, శుభలేఖలు పంచినవానిని ఎవ్వరును తలంపరు. ఈ వృత్తి అట్టిది.

1970ల నుండి తెలుగు చిత్రపరిశ్రమ క్రమముగా మద్రాసు విడిచి హైదరాబాదునకు తరలెను. అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియో, కృష్ణ గారి పద్మాలయ స్టూడియో మొదలగునవి బంజారా కొండల రాళ్ల నడుమ లేచెను. రాజు గారును ఆ తరలింపుతోపాటు హైదరాబాదువాసి యైరి. ఆయన భార్య బి. జయ గారు కూడ పాత్రికేయురాలే. ఈ దంపతులు సూపర్‌హిట్ అను సినిమా పత్రికను నడపిరి. పిమ్మట చిత్రనిర్మాణమునకును పూనుకొనిరి. 2003లో చంటిగాడు, 2012లో లవ్‌లీ, 2017లో వైశాఖము అను చిత్రములు జయ గారి దర్శకత్వమున వచ్చెను. స్త్రీలు దర్శకత్వము వహించుట మిక్కిలి అరుదుగా నున్న తెలుగు పరిశ్రమలో ఇది చెప్పుకొనదగిన సంగతి. జయ గారు 2018 ఆగస్టు 30వ తేదీన గతించిరి. రాజు గారు 2021 మే 21వ తేదీన హైదరాబాదున హృద్రోగముచే కాలధర్మము నొందిరి. ఆయన ప్రచారకార్యము నిర్వహించిన చిత్రముల సంఖ్య 1,500కు పైబడినది. అదే 2021 సెప్టెంబరు 21వ తేదీన ఈశ్వర్ గారును చెన్నపట్టణమున తనువు చాలించిరి. మాట చాటినవాఁడును, బొమ్మ చాటినవాఁడును ఒకే యేట వెళ్లిపోయిరి.

రాజు గారు మరణించినపుడు ప్రముఖ నటులందఱు సంతాపము తెలిపిరి. అందులో వింత లేదు. ఆయనను గూర్చి తెలిసినవారు ఏకకంఠముగా చెప్పిన యొక్క విషయము మాత్రము నన్ను ఆకర్షించినది. ఏ చిత్రము ఏ తేదీన విడుదలయైనది, ఏ పట్టణమున ఏ థియేటరులో ఎన్ని దినములు ఆడినది, ఎంత వసూలు చేసినది అను వివరములు ఆయనకు కంఠస్థములట. గ్రంథము చూడనక్కఱలేదు. అడిగిన వెంటనే చెప్పెడివారట. ఇది వినగానే నాకు ఘనపాఠులు జ్ఞప్తికి వచ్చిరి. వేదము నాలుకపై నిలిచినట్లు, మన సినిమా చరిత్రలో పెద్ద భాగము ఒక ప్రచారకుని నాలుకపై నిలిచియుండెను. అసత్యవాది యని మా తాతగారు నిందించిన జాతివానియందు ఇట్టి సత్యనిష్ఠ యుండుట చూడుఁడు. పొగడుట ఆయన వృత్తి. తేదీ తప్పకుండుట ఆయన వ్రతము.

అయితే కాలము మాఱినది. ఒకప్పుడు చిత్రమునకు కొలఁది ప్రతులు మాత్రమే తీసెడివారు. అవి మొదట పట్టణములలో ఆడి, పిదప చిన్న ఊళ్లకు, కడకు టూరింగు డేరాలకు వచ్చుటకు నెలలు పట్టెడిది. నూఱు దినముల పండుగ లందుచేతనే సాగెను. బాగున్నదను మాట చిత్రముకంటె ముందు నడచి ఊరు చేరెడిది. అప్పుడు చూచినవారి నోరే పెద్ద ప్రచారకుఁడు. నేఁడు రీలు పెట్టెలు లేవు. ఒకే శుక్రవారమున వందలకొలది తెరలపై, ఖండాంతరములలో సహితము చిత్రము వెలువడును. మొదటి మూఁడు దినములలోనే దాని భవిష్యత్తు తేలును. కాబట్టి చూచినవాఁడు చెప్పకముందే చూడనివానిని పిలువవలెను. మాదాపూరులో నేను చూచిన వేడుక యొక్క రహస్యమిది.

నా పూర్వ విద్యార్థి యొకఁడు ఆ సైబరాబాదు ప్రాంతమున ఈ పనియే చేయుచున్నాఁడు. అద్దాల మేడలో కూర్చుండి, ఒక పాటను గంటకు ఎందఱు చూచిరో, ఏ జిల్లావారు ఎక్కువ చూచిరో కంప్యూటరులో లెక్కకట్టుచుండును. నన్ను తన కార్యాలయమునకు తీసికొనిపోయి చూపెను. "మాస్టారూ, పూర్వం గోడ మీద పోస్టరు అంటిస్తే ఎందరు చూశారో తెలిసేది కాదు. ఇప్పుడు చూసినవాళ్ల లెక్క తెలుస్తుంది. కాని ఆ లెక్క కూడా కొందరు డబ్బిచ్చి కొనుక్కుంటున్నారండీ" అని తల వంచుకొని చెప్పెను. నేను మందలించలేదు. బడిలో నున్నప్పుడు కూడ అతఁడు తప్పు చేసిన వెంటనే తానే చెప్పెడివాఁడు.

పిలుపు మితిమీరినచో ఏమగునో కూడ ఆ ప్రాంతము చూచినది. 2024 సెప్టెంబరు 22వ తేదీన దేవర చిత్రమునకు ముందస్తు వేడుక మాదాపూరునకు చేరువనున్న సమావేశ మందిరమున ఏర్పాటైనది. పట్టవలసినవారికంటె మిక్కిలి యధికముగా జనము రాగా, ఆ వేడుకయే రద్దయినది. ప్రరోచన జరుగకయే ప్రేక్షకులు రంగమును నింపివేసిరన్నమాట. మఱియొక ప్రక్క, అదే నగరపు కొసన లింగంపల్లియందు సురభి నాటక కుటుంబములు నివసించుచున్నవి. 1885లో కడప మండలమున మొదలైన ఆ నాటక సమాజము ఒకప్పుడు ఊరూర కరపత్రములు పంచి డేరాలు నింపినది. నేఁడు వారిని చాటువారు లేరు. అర్థవాదమున్నచోట కొన్నిమార్లు విధి లేదు. విధి యున్నచోట అర్థవాదము కఱవైనది. నన్ను బాధించినది ఇదియే.

ఇక నేను మొదట చెప్పిన తాతగారి మాటకును, మేనత్త మాటకును తీర్పు చెప్పవలెను. అంతకుముందు మఱియొక సంగతి వినుఁడు. భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబరు 15న విడుదలయైనదని చిరకాలము అందఱును నమ్మి, ఆ దినమునే తెలుగు సినిమా పుట్టినరోజుగా చేసికొనుచుండిరి. పాత్రికేయుఁడు రెంటాల జయదేవ గారు నాటి పత్రికలను, సెన్సారు వివరములను వెదకి, ఆ చిత్రము 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలోని కృష్ణా సినిమాలో విడుదలయైనదని నిర్ణయించిరి. ఆ చిత్రపు ప్రతి నేఁడు లభ్యము కాదు. బొమ్మ పోయినది, మాట పోయినది. నాఁడు పాత కాగితములందు పడిన నాలుగు పంక్తులు మిగిలి సాక్ష్యము చెప్పినవి. పొగడ్త వాడిపోవును. దాని ప్రక్కన వ్రాసిన తేదీ నిలిచియుండును.

మా యింటను ఇట్టిదే జరిగినది. మా మేనత్త గతించిన పిమ్మట ఆమె రామాయణ గ్రంథము నా వంతునకు వచ్చినది. ఆమె వానలో నడచి సినిమా చూచిన సంవత్సరమేదో మా కుటుంబమున నెవ్వరికిని తెలియదు. మాదాపూరు నుండి తిరిగివచ్చిన మఱునాఁడు ఆ గ్రంథమును తెఱచితిని. సుందరకాండమున ఆ ఎఱ్ఱని కాగితము, రంగు వెలిసి, మడతలు చినిగి, అట్లే యున్నది. చిత్రము పేరు, డేరా వేసిన గ్రామము, నేల టికెట్టు ధర, తేదీ, సంవత్సరము అన్నియు అందున్నవి. అడుగున పెద్ద అక్షరములతో "నేఁడే కడపటి ఆట" యనియు నున్నది. ఆ యొక్క మాట అసత్యము. తక్కినదంతయు సత్యము. ఆ యేట నాకు ఎనిమిదవ యేడని అప్పుడు లెక్క తేలినది. మేనత్త చేయి పట్టుకొని నడచిన ఆ రాత్రి నాకు తేదీతో సహా తిరిగి దొరికినది.

కాబట్టి నా తీర్పు ఇది. తాతగారి కోపము న్యాయమైనదే. అసత్యమునకు మెప్పు లేదు. కాని మేనత్త యెఱిగిన దానిని ఆయన యెఱుగలేదు. పిలువనిదే ఎవ్వరును గుమ్మము దాటరు. పిలుపు వెనుక నిజమైన ఆట యున్నచో ఆ పిలుపునకు గౌరవము కలదు. రాజు గారి వంటి ప్రచారకుఁడు ఆ గౌరవమునకు అర్హుఁడు. ఆయన చాటిన చిత్రములన్నియు గొప్పవి కావు. కాని ఏది ఎప్పుడు వచ్చెనో, ఎన్నాళ్లుండెనో ఆయన మఱువలేదు.

పెద్దలకు నా మనవి రెండు మాటలు. మీ మనుమలు చేతి ఫోనులో ఏ పొగడ్తను చూపినను, దానిని ఈసడింపకుఁడు, వెంటనే నమ్మనువద్దు. దీని వెనుక ఏమున్నదని అడుగుట వారికి నేర్పుఁడు. రెండవది, మీ యింటి భోషాణముల అడుగున, అల్మరా అరలలో పరచిన పాత కాగితములలో నాటకపు కరపత్రములు, సినిమా పాటల పుస్తకములు ఉండవచ్చును. వానిని పొయ్యిలో వేయకుఁడు. మీ యూరికి ఏ నాటక సమాజము ఎప్పుడు వచ్చెనో, డేరా ఎచ్చట వేసిరో మీ నోటితో చెప్పి, పిల్లలచేత ఒక పుస్తకమున వ్రాయింపుఁడు. రాజు గారి స్మృతిలో నున్నదెంతయో ఆయనతోనే పోయినది. మీ స్మృతిలో నున్నది మీ యూరిలో నిలువవలెనని కోరుచున్నాను.